ఊపు విమానం ఎక్కదు: హాకీ స్టూడియో విశ్లేషకులకు బహిరంగ లేఖ

అమెరికా, కెనడాల్లో మంచు మీద ఆడే నేషనల్ హాకీ లీగ్ మ్యాచ్‌లకు ముందూ వెనకా, పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య టీవీ స్టూడియోల్లో కూర్చుని మాకు ఆట విప్పి చెప్పే మాజీ ఆటగాళ్లకు, మాజీ కోచ్‌లకు, వ్యాఖ్యాతలకు నమస్కారం.

ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. మీలో ఎవరికీ ఇది చదవడం రాకపోవచ్చు. అయినా మీ మాటలు వినేవాళ్లలో మావాళ్లు తక్కువేం లేరు. డాలస్ స్టార్స్ జట్టు ఆఫీసూ, ప్రాక్టీస్ చేసే రింకూ టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలోనే ఉన్నాయి. ఆ ఊళ్లో తెలుగు వినపడని వీధి కోసం వెతుక్కోవాలి. పిల్లల్ని స్కేటింగ్ క్లాసుకి దింపడానికి వెళ్లి, గాజు ఇవతల నిలబడి చూస్తూ చూస్తూ ఈ ఆట మాయలో పడ్డవాళ్లం మాలో చాలామందిమి ఉన్నాం. ఎవరైనా మీకు అనువాదం చేసి పెడితే సంతోషం. లేదంటే మావాళ్లే చదువుకుంటారు, వాళ్లకీ ఇది అవసరమే.

నా ఫిర్యాదు ఒక్కటే. నిన్న గెలిచిన జట్టు ఆ ఊపుతోనే రేపటి మ్యాచ్‌లోకి వస్తుందని మీరు ఎంతో ధీమాగా చెబుతారు చూడండి, అదీ నా బాధ. "మొమెంటమ్ మారిపోయింది", "మొమెంటమ్ ఇప్పుడు వీళ్ల చేతిలో ఉంది", "ఈ ఓటమితో మొమెంటమ్ మొత్తం పోయింది". ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్లేఆఫ్స్ (ఏడు మ్యాచ్‌ల్లో ముందుగా నాలుగు గెలిచినవాళ్లు ముందుకెళ్లే నాకౌట్ సిరీస్‌లు) జరిగినన్నాళ్లూ ఈ మాట వినని రాత్రి ఉండదు. తీరా తర్వాతి మ్యాచ్‌లో అంతా తలకిందులైతే "మొమెంటమ్ మళ్లీ చేతులు మారింది" అంటారు. గెలిచినా అదే, ఓడినా అదే. ఎటు జరిగినా సరిపోయే మాట చెప్పినందుకు మీకు జీతం ఇస్తున్నారంటే నాకు కొంచెం అసూయగా కూడా ఉంది.

మా జట్టు సంగతే తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో స్టార్స్ రెగ్యులర్ సీజన్‌లో ఆఖరి ఏడు మ్యాచ్‌లూ వరసగా ఓడిపోయి ప్లేఆఫ్స్‌కి వచ్చారు. డిఫెన్స్‌కి ఆయువుపట్టు లాంటి మీరో హైస్కనెన్ జనవరి చివరి నుంచీ గాయంతో బయటే ఉన్నాడు. గోల్స్ కొట్టాల్సిన జేసన్ రాబర్ట్‌సన్ ఆఖరి లీగ్ మ్యాచ్‌లో దెబ్బ తగిలి కూలబడ్డాడు. ఎదురుగా కొలరాడో అవలాంచ్. ఊపు అనేది నిజంగా ఒక మ్యాచ్ నుంచి ఇంకో మ్యాచ్‌కి నడిచొచ్చేదే అయితే మావాళ్లు నాలుగు మ్యాచ్‌ల్లో మూటాముల్లే సర్దుకోవాలి.

జరిగిందేమిటి? మొదటి మ్యాచ్ కొలరాడోది, 5-1. సరే, మీరు చెప్పినట్టే ఉంది. రెండోది ఓవర్‌టైమ్‌లో మాది, 4-3. మూడోదీ ఓవర్‌టైమ్‌లో మాదే, 2-1. ఇప్పుడు ఊపు మాది అన్నారు. నాలుగో మ్యాచ్‌లో మాకు ఒక్క గోల్ కూడా రాలేదు, 4-0తో ఓడాం. ఊపు మళ్లీ వాళ్లది అన్నారు. రెండు రోజులు తిరక్కుండానే అయిదో మ్యాచ్‌లో మేం 6-2తో గెలిచాం. ఆరోది వాళ్లు 7-4తో లాక్కున్నారు. ఏడో మ్యాచ్‌లో మూడోదీ ఆఖరిదీ అయిన పీరియడ్‌లో మావాళ్లు 2-0తో వెనకబడి ఉండగా, ఆ జనవరి దాకా కొలరాడో జెర్సీలోనే ఆడిన మికో రాంటనెన్ ఒక్క పీరియడ్‌లోనే మూడు గోల్స్ కొట్టాడు. 4-2తో సిరీస్ మాది. అందులో స్కోరు సమం చేసిన గోల్ ఎలా వచ్చిందో గుర్తుందా? గోల్ వెనక నుంచి తిరిగొచ్చి రాంటనెన్ కొట్టిన పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల), కొలరాడో డిఫెండర్ స్కేట్‌కి తగిలి లోపలికి దూరింది. ఆ కాలు అంగుళం పక్కన ఉంటే ఈపాటికి మీరు కొలరాడో ఊపు గురించి ఇంకో కథ చెప్పుకుంటూ ఉండేవాళ్లు.

ఆ తర్వాతి రౌండ్‌లో విన్నిపెగ్ జట్టుతో కూడా అంతే. ఒకటి గెలవడం, తర్వాతది 4-0తో ఓడటం, రెండు గెలవడం, మళ్లీ 4-0తో ఓడటం, చివరికి ఓవర్‌టైమ్‌లో సిరీస్ ముగించడం. పదమూడు మ్యాచ్‌లు పూర్తయ్యేసరికి మీరు ఆ ఊపుని ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పారో లెక్కపెట్టడం నా వల్ల కాలేదు.

ఇక ఎడ్మంటన్ ఆయిలర్స్‌తో కాన్ఫరెన్స్ ఫైనల్, అంటే సెమీఫైనల్ లాంటిది. మొదటి మ్యాచ్‌లో రెండు పీరియడ్లు అయ్యేసరికి మావాళ్లు 3-1తో వెనకబడి ఉన్నారు. మూడో పీరియడ్‌లో అయిదు గోల్స్ కొట్టి 6-3తో గెలిచారు. ఆరు నిమిషాల లోపే పవర్‌ప్లేలో (ఎదుటి జట్టులో ఒకడు పెనాల్టీ మీద బయట కూర్చున్నప్పుడు) మూడు గోల్స్. ఆ రాత్రి స్టూడియోలో మీ ఆనందం చూసి నేనూ కాస్త తేలిపోయాను. తర్వాత ఏమైందంటే 3-0, 6-1, 4-1, 6-3. నాలుగూ ఎడ్మంటన్‌వే.

రెండో మ్యాచ్ రాత్రి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్న సోఫాలో కూర్చుని చూస్తున్నారు. ఆయనకు తెలిసింది క్రికెట్టే. హాకీ అంటే ఆయన దృష్టిలో ధ్యాన్‌చంద్, పచ్చ గడ్డి. మంచు మీద జరిగే ఈ తోపులాట ఆయనకు ఇంకా ఆటలా కనపడటం లేదు. మ్యాచ్ అయిపోగానే నా వైపు తిరిగి, "అదేంటే, మొన్న అంత చితక్కొట్టారుగా, ఇవాళ సున్నా ఏంటి? గ్రౌండ్ మారిందా?" అన్నారు. అదే గ్రౌండ్ నాన్నా అన్నాను. "ఎవరికన్నా దెబ్బ తగిలిందా మరి? మొన్న ఆ చివర్లో వరసగా కొట్టినప్పుడు వీళ్ల వైపు ఒకడు ఎక్కువ ఉన్నాడు కదా, అది ఇవాళ ఎందుకు లేదు? వాళ్ల గోల్‌కీపర్ అదే మనిషా?" అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నారు. సరిగ్గా అప్పుడే టీవీలో మీ ప్యానెల్ వచ్చింది. మొమెంటమ్ ఎడ్మంటన్ వైపు తిరిగిందని ముగ్గురూ తలలూపారు. నాన్న అడిగిన వాటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు.

నిజానికి దెబ్బ తగిలింది. ఆ మ్యాచ్‌లోనే ఎడ్మంటన్ ఆటగాడు డార్నెల్ నర్స్ కర్ర దెబ్బకు మా సెంటర్ రోపె హింట్జ్ కాలు పట్టుకుని బయటికి వెళ్లాడు. మూడో మ్యాచ్ ఆడలేకపోయాడు. గోలీ, అంటే గోల్‌కీపర్, స్టువర్ట్ స్కిన్నర్ మనిషి మారలేదు గానీ మొదటి రోజు ఆడినట్టు ఆడలేదు, గోడలా నిలబడ్డాడు. పవర్‌ప్లే సంగతి నాన్నకి కూడా అర్థమైంది. ఆట తెలియని మనిషి వేసిన ప్రశ్నలు ఆటలో పుట్టి పెరిగిన మీరు ఎందుకు వేయరు?

ఇక్కడ ఒక్క మాట ఒప్పుకుంటాను. ఒకే మ్యాచ్ లోపల ఊపు ఉంటుంది. దాన్ని కళ్లారా చూడొచ్చు, దానికి కాళ్లూ ఊపిరితిత్తులూ కారణం.

ఒక షిఫ్ట్ అంటే సుమారు ముప్పావు నిమిషం. ఆ కాసేపూ ఒంట్లో ఉన్నదంతా పెట్టి స్కేట్ చేసి, బెంచ్ మీదికి వచ్చి పడిపోవాలి. రెండో పీరియడ్‌లో జట్లు గోల్ వైపులు మార్చుకుంటాయి కాబట్టి డిఫెన్స్ చేస్తున్నప్పుడు సొంత బెంచ్ దూరమైపోతుంది. పక్‌ని తమ జోన్ దాటించలేకపోతే ఆ అయిదుగురూ అక్కడే ఇరుక్కుపోతారు. నిమిషం దాటుతుంది. నిమిషంన్నర అవుతుంది. ఒకడు కర్రని మోకాళ్ల మీద అడ్డంగా పెట్టి వంగిపోతాడు. ఇంకొకడు స్కేట్ చేయడం మానేసి ఉన్నచోటే తిరుగుతుంటాడు, కర్ర మాత్రం చాపుతాడు. చివరికి ఎవరో పక్‌ని అవతలి చివరి దాకా గట్టిగా కొట్టేస్తారు. అది ఐసింగ్. ఐసింగ్ చేసిన జట్టు ఆటగాళ్లని మార్చుకోకూడదన్నది నియమం. ఎదుటి జట్టు మాత్రం తాజాగా ఉన్న అయిదుగురిని దింపుతుంది, ఫేసాఫ్ (ఇద్దరి మధ్య పక్ వేసి ఆట మళ్లీ మొదలుపెట్టడం) కూడా అలిసిపోయినవాళ్ల గోల్ పక్కనే పడుతుంది. గోల్ అయినా అవుతుంది, పెనాల్టీ అయినా అవుతుంది. పెనాల్టీ అయితే రెండు నిమిషాలు నలుగురితో నెట్టుకురావాలి, అందులో మంచి ఆటగాళ్లు ఇంకా అలిసిపోతారు. ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకోవడాన్ని మీరు ఊపు అంటే నాకేం పేచీ లేదు. ఆ ముక్క మీకన్నా బాగా చెప్పేవాళ్లు లేరు కూడా.

కానీ మ్యాచ్ అయిపోయాక ఏం మిగులుతుంది? ఆటగాళ్లు నిద్రపోతారు. కాళ్లు కోలుకుంటాయి. వీడియో చూసి కోచ్ ఎవరి మీదికి ఎవర్ని పంపాలో మార్చుకుంటాడు. ఆట ఆగినప్పుడు ఆఖర్న ఆటగాళ్లని మార్చుకునే హక్కు సొంత ఊరి జట్టుది, ఊరు మారితే అది ఎదుటి జట్టుకి వెళ్తుంది, అంటే నిన్న మీ మొదటి లైన్‌కి (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లకి) దొరికిన అలుసైన ప్రత్యర్థి ఇవాళ దొరకడు. రిఫరీలు మారతారు. స్కోరు బోర్డు మీద 0-0. 2024 ఫైనల్లో ఎడ్మంటన్‌కీ ఫ్లోరిడాలోని సన్‌రైజ్‌కీ మధ్య సుమారు 4,000 కిలోమీటర్లు. అంత దూరం ఎగిరే విమానంలో కర్రలూ స్కేట్లూ ఎక్కుతాయి, కట్లు కట్టిన మోకాళ్లూ ఎక్కుతాయి. ఊపుకి మాత్రం అందులో సీటు ఉండదు.

ఆ ఫైనల్ గురించి మీరే చెప్పండి. ఫ్లోరిడా పాంథర్స్ మొదటి మూడూ గెలిచి 3-0తో ముందున్నారు. ఇంకొక్కటి గెలిస్తే లీగ్ ట్రోఫీ, స్టాన్లీ కప్. నాలుగో మ్యాచ్‌లో ఎడ్మంటన్ 8-1తో చిత్తుచేసింది. గోలీ సెర్గెయ్ బాబ్రోవ్‌స్కీని మధ్యలోనే బయటికి తీశారు. అయిదోది 5-3, ఆరోది 5-1, రెండూ ఎడ్మంటన్‌వే. ఫైనల్లో 3-0 వెనకబడి ఏడో మ్యాచ్ దాకా లాక్కొచ్చిన జట్టు 1945లో డెట్రాయిట్ తర్వాత ఇదే. మూడు మ్యాచ్‌ల్లో పద్దెనిమిది గోల్స్ కొట్టి, అయిదే ఇచ్చారు. ఊపు అనేదానికి ఒంటి నిండా బట్టలేసి నిలబెడితే ఇలాగే ఉంటుంది. జూన్ 24న ఏడో మ్యాచ్ జరిగింది. ఫ్లోరిడా 2-1తో గెలిచింది. నాలుగో మ్యాచ్‌లో తలదించుకుని బెంచ్ ఎక్కిన అదే బాబ్రోవ్‌స్కీ ఆ రాత్రి ఒక్క గోల్ తప్ప ఇవ్వలేదు. ప్లేఆఫ్స్ మొత్తంలో ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిన జట్టు కెప్టెన్ కానర్ మెక్‌డేవిడ్‌కి వచ్చింది గానీ, ఆఖరి రెండు మ్యాచ్‌ల్లో అతని పేరున ఒక్క పాయింటూ (గోల్ గానీ, గోల్‌కి అందించిన పాస్ గానీ) లేదు.

మీరు ఎదురు ఉదాహరణలు చెబుతారని తెలుసు. 3-0 నుంచి తిరిగొచ్చి సిరీస్ గెలిచిన జట్లు లీగ్ చరిత్రలో నాలుగున్నాయి: 1942లో టొరంటో, 1975లో న్యూయార్క్ ఐలాండర్స్, 2010లో ఫిలడెల్ఫియా, 2014లో లాస్ ఏంజెలెస్. ఊపుకి సాక్ష్యాలుగా మీరు తెచ్చేది వీటినే. కాస్త దగ్గరికెళ్లి చూద్దాం.

1942 ఫైనల్లో మూడు ఓడాక టొరంటో కోచ్ హాప్ డే తన జట్టులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టే గోర్డీ డ్రిల్లన్‌ని పక్కన కూర్చోబెట్టాడు. డిఫెన్స్‌లో బకో మెక్‌డొనాల్డ్‌ని కూడా. అప్పటిదాకా ఆడని డాన్ మెట్జ్ లాంటి చురుకైనవాళ్లని దింపాడు. నాలుగో మ్యాచ్ చివర్లో డెట్రాయిట్ కోచ్ జాక్ ఆడమ్స్ రిఫరీ మీదికి వెళ్లి చెయ్యి చేసుకుని సస్పెండ్ అయ్యాడు. మిగతా మ్యాచ్‌లు అతను లేకుండానే జరిగాయి. ఒక వైపు జట్టు మారింది, ఇంకో వైపు కోచ్ లేడు. ఇంత జరిగితే ఊపుని పిలవాల్సిన అవసరం ఏముంది?

2010లో ఫిలడెల్ఫియా, బోస్టన్. మూడో మ్యాచ్‌లో బోస్టన్ సెంటర్ డేవిడ్ క్రేచీ మణికట్టు కీలు తప్పింది. నాలుగో మ్యాచ్‌కి ఫిలడెల్ఫియా తరఫున కాలివేలి గాయం నుంచి సిమోన్ గాన్యే తిరిగొచ్చాడు. వచ్చినవాడు ఆ రాత్రి ఓవర్‌టైమ్ గోల్ కొట్టాడు. ఏడో మ్యాచ్‌లో బోస్టన్ మొదటి పీరియడ్‌లోనే 3-0 ఆధిక్యంలోకి వెళ్లింది, అంటే మీ లెక్క ప్రకారం ఊపు మళ్లీ చేతులు మారింది. చివరికి ఫిలడెల్ఫియా 4-3తో గెలిచింది. విజయం తెచ్చిన గోల్ పవర్‌ప్లేలో గాన్యే కొట్టిందే. ఆ పవర్‌ప్లే ఎందుకు వచ్చిందంటే బోస్టన్ ఒక మనిషిని ఎక్కువ దింపేసింది. 2014లో లాస్ ఏంజెలెస్ తిరిగొచ్చినప్పుడు కూడా శాన్ హోసె డిఫెన్స్‌కి మూలస్తంభం మార్క్-ఎడ్వర్డ్ వ్లాసిక్ అయిదో మ్యాచ్‌లో గాయపడి తర్వాతి రెండూ ఆడలేదు.

పైగా 3-0 సిరీస్‌లు ఇప్పటిదాకా రెండు వందలకు పైనే జరిగాయి. అందులో నాలుగే తిరగబడ్డాయి. రెండు జట్లూ సరిసమానమైతే, ప్రతి మ్యాచ్ బొమ్మా బొరుసే అయితే, పదహారింట ఒకటి తిరగబడాలి. అంతకన్నా తక్కువ జరిగింది కదా, అది ముందున్నవాళ్ల ఊపు కాదా అని అడగొచ్చు. మూడు వరసగా గెలిచిన జట్టు చాలాసార్లు నిజంగానే మెరుగైన జట్టు, అంతే. నాలుగోదీ గెలిచేది అందుకే.

బొమ్మా బొరుసు అన్నాను కాబట్టి ఇంకో లెక్క. నాణేన్ని 82 సార్లు ఎగరేయండి, లీగ్ సీజన్‌లో ఇన్నాళ్లూ జట్టుకి అన్నే మ్యాచ్‌లు. ఎక్కడో ఒకచోట కనీసం అయిదు బొమ్మలు వరసగా పడటం నాలుగింట మూడు సార్లు జరుగుతుంది. ముప్పై రెండు జట్లున్న లీగ్‌లో ప్రతి శీతాకాలం ఎన్ని జట్లు "వేడి మీద" కనపడతాయో ఊహించుకోండి. నాణేనికి ఆత్మవిశ్వాసం లేదు, డ్రెస్సింగ్ రూమ్‌లో ప్రసంగాలూ వినదు.

వరస గెలుపుల రికార్డు పిట్స్‌బర్గ్‌ది, 1993 మార్చి, ఏప్రిల్ నెలల్లో పదిహేడు. అంతకు ముందు రెండేళ్లూ కప్ కూడా వాళ్లదే. అలాంటి జట్టు ఆ వసంతంలోనే రెండో రౌండ్‌లో ఐలాండర్స్ చేతిలో ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో ఓడింది. 2016-17లో కొలంబస్ పదహారు గెలిచింది. పదిహేడోది 5-0తో ఓడింది. అదే సీజన్‌లో ఫిలడెల్ఫియా పది వరసగా గెలిచి కూడా ప్లేఆఫ్స్‌కి రాలేదు. వాపు చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే.

మరి 2019 సెయింట్ లూయిస్ సంగతేంటి అంటారు. జనవరి 3 ఉదయం లీగ్ మొత్తంలో ఆఖరి స్థానంలో ఉన్న జట్టు జూన్‌లో కప్ ఎత్తింది. మీకు ఇష్టమైన కథ, నాకూ ఇష్టమే. కానీ ఆ జట్టులో నవంబర్‌లో కోచ్ మారాడు, క్రెయిగ్ బెరూబే వచ్చాడు. జనవరి 7న జోర్డన్ బినింగ్టన్ అనే కొత్త గోలీకి మొదటిసారి మ్యాచ్ మొదలుపెట్టే అవకాశం ఇస్తే గోల్ ఇవ్వకుండా గెలిపించాడు. గోలీ మారితే జట్టు మారినట్టే. ఇక ఫైనల్లో బోస్టన్ మీద చూడండి. మూడో మ్యాచ్‌లో సొంత ఊళ్లో 7-2తో పరువు పోగొట్టుకుని, నాలుగోది 4-2తో గెలిచారు. ఆరోది గెలిస్తే సొంతవాళ్ల ముందే కప్ అన్నప్పుడు 5-1తో ఓడారు. ఏడోది బోస్టన్ వెళ్లి 4-1తో గెలిచారు. ఆరు నెలలు ఊపు మీద నడిచిందని మీరు చెప్పే జట్టు, ఊపు పూర్తిగా పోయిన రాత్రి తర్వాతే రెండుసార్లు తన మేటి ఆట ఆడింది.

మ్యాచ్ నుంచి మ్యాచ్‌కి మోసుకెళ్లేది అసలు ఏదీ లేదా అంటే ఉంది. అలసట, గాయాలు. ఈ రెండిటి గురించి మీరు చెప్పేది మాత్రం మరీ తక్కువ, అదీ నా అసలు బాధ.

వరసగా రెండు రాత్రులు ఆడాల్సి వచ్చినప్పుడు, మధ్యలో విమానం ఎక్కాల్సి వచ్చినప్పుడు జట్టు తన మొదటి గోలీని కూర్చోబెట్టి రెండోవాడిని దింపడం మామూలే. అది ఓటమికి సగం కారణం. ఇక ప్లేఆఫ్స్‌లో గాయాల సంగతి దేవరహస్యం. ఒక ఆటగాడు కుంటుతూ వెళ్లిపోతే జట్టు చెప్పేది "నడుము పై గాయం" లేదా "నడుము కింద గాయం", అంతే. లీగ్ అంతకన్నా అడగదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎవరికి మోకాలు, ఎవరికి భుజం అన్నది వారం వారం జాబితాగా ప్రకటించాలి. హాకీలో సిరీస్ అయిపోయాక గానీ బయటపడదు. 2013 ఫైనల్లో బోస్టన్ 2-1తో ముందుండి, తర్వాతి మూడూ చికాగోకి ఓడింది. ఊపు మారిందన్నారు. ఆరో మ్యాచ్ అయ్యాక తెలిసింది: పాట్రిస్ బెర్జరాన్ ఆ రాత్రి విరిగిన పక్కటెముకతో, పక్కటెముకల దగ్గర చీలిన మృదులాస్థితో, కీలు తప్పిన భుజంతో ఆడాడు, ఊపిరితిత్తికి చిల్లు కూడా పడింది. దాన్నంతా కప్పేసి మాకు చెప్పింది మొమెంటమ్ అని.

జట్లు నిజం దాస్తాయి కాబట్టి ఆ ఖాళీని నింపడానికి మీకు ఏదో ఒకటి కావాలి. అర్థం చేసుకోగలను. పావుగంట మాట్లాడాలి, చేతిలో వివరం లేదు. కానీ లోపల ఏం జరుగుతోందో మాకన్నా మీకు ఎక్కువ తెలుసు. పొద్దున ప్రాక్టీస్‌లో ఎవరు ఎలా స్కేట్ చేశారో, ఎవరు కుడి వైపు తిరగడానికి ఇబ్బంది పడుతున్నారో మీ కళ్లు పట్టేస్తాయి. అది చెప్పండి.

ఆటగాళ్లే స్వయంగా మొమెంటమ్ ఉందంటారు కదా అనవచ్చు. వాళ్లకు అలా అనిపించడం నిజమే, గెలిచిన జట్టు డ్రెస్సింగ్ రూమ్‌లో ఉత్సాహం ఉంటుంది, ఓడినచోట టెన్షన్ ఉంటుంది. ఆ ఉత్సాహం రెండు రోజుల తర్వాత గోల్స్‌గా మారుతుందా అన్నది వేరే ప్రశ్న. బాస్కెట్‌బాల్‌లో "చెయ్యి వేడెక్కడం" ఉత్త భ్రమ అని 1985లో ముగ్గురు పరిశోధకులు తేల్చారు. తర్వాత ఆ లెక్కలోనే తేడా ఉందని ఇంకో ఇద్దరు చూపించారు. ఆ చర్చ మంచిదే, కానీ అది ఒకే మనిషి వెంటవెంటనే వేసే షాట్ల గురించి. ఇరవై మంది ఆటగాళ్లు, రెండు రాత్రుల నిద్ర, ఒక ఖండం దాటిన ప్రయాణం మధ్యలో ఉన్నప్పుడు దాన్ని సాక్ష్యంగా తేవడం కుదరదు.

ఇదంతా మాటల మీద కోపం అనుకోకండి. ఈ నమ్మకంతో నిర్ణయాలు జరుగుతున్నాయి. ఎడ్మంటన్‌తో అయిదో మ్యాచ్‌లో మొదటి రెండు షాట్లూ గోల్ అవగానే, ఎనిమిది నిమిషాలు కూడా కాకుండా కోచ్ పీట్ డిబోర్ మా గోలీ జేక్ ఓటింజర్‌ని బయటికి తీశాడు. జట్టుని కదిలించడానికి కూడా అని తర్వాత చెప్పాడు. అదే నోటితో ఎడ్మంటన్ చేతిలో ఆ గోలీకి ఎదురైన పాత ఓటములనూ ఎత్తాడు. జట్టు కదల్లేదు, 6-3తో ఓడింది, సిరీస్ అయిపోయింది. కొద్ది రోజులకే డిబోర్ ఉద్యోగమూ పోయింది. మా ఊళ్లో గోలీ ఆడే పిల్లలు ఓటింజర్ పోస్టర్లు పెట్టుకుంటారు. ఆ బెంచ్ చివర హెల్మెట్ తీసి కూర్చున్న మనిషిని కెమెరా ఎంతసేపు చూపించిందో మీకు గుర్తుండే ఉంటుంది. దాని మీద మీరు మాట్లాడింది అతని మనసు గురించి, గుండె ధైర్యం గురించి. ఆ రెండు గోల్స్‌కి ముందు డిఫెన్స్ ఎక్కడ ఉందో ఒక్కసారి నెమ్మదిగా తిప్పి చూపిస్తే సరిపోయేది.

పందేల సంగతి కూడా అనక తప్పదు. మా టెక్సస్‌లో ఇంకా చట్టం ఒప్పుకోలేదు గానీ ఒంటారియోలో ఉన్న మావాళ్లకు 2022 ఏప్రిల్ నుంచి ప్రైవేట్ యాప్‌లు తెరుచుకున్నాయి. మీ ప్యానెల్ కింద ఆ పందేల అంకెలు తిరుగుతుంటాయి. పైన మీరు ఊపు అంటారు, కింద కుర్రాడు ఫోన్ తీస్తాడు. ఆ డబ్బు మీ మాట మీద పోతోందని ఎవరో ఒకరు మీకు చెప్పాలి.

వచ్చే ఏప్రిల్‌కి నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. సిరీస్‌లో రెండో మ్యాచ్ నుంచి ప్రతి రాత్రీ ఆట మొదలయ్యే ముందు నిన్నటికీ ఇవాళ్టికీ మారినవి చెప్పండి: గోలీ ఎవరు, ఎవరు ఆడటం లేదు, ఎవరు తిరిగొచ్చారు, ఆఖరి మార్పు హక్కు ఎవరిది, ఎన్ని రోజుల విశ్రాంతి దొరికింది, నిన్నటి గోల్స్‌లో ఎన్ని పవర్‌ప్లేలో వచ్చాయి. దానికి రెండు నిమిషాలు చాలు. గాయాల మీద లీగ్ కమిషనర్‌ని మైకు ముందు కూర్చోబెట్టినప్పుడు, ఫుట్‌బాల్ జాబితా ప్రకటిస్తుంటే మీరెందుకు ప్రకటించరని అడగండి. ఆయన మీ స్టూడియోకి వస్తాడు, మా ఇంటికి రాడు. ఇంకా ముఖ్యం, నిన్న రాత్రి ఊపు ఎవరిదని చెప్పారో ఆ క్లిప్‌ని ఇవాళ మ్యాచ్ అయ్యాక మీరే వేసి చూపించండి. సీజన్ మొత్తం అలా వేశాక కూడా మీ మాటే నిలబడితే, నా ఈ లేఖని టీవీలో చదివి నవ్వండి, నేను చప్పట్లు కొడతాను.

2026-27 నుంచి సీజన్ 84 మ్యాచ్‌లకు పెరుగుతోంది. అంటే అలసటా గాయాలూ ఇంకొంచెం ఎక్కువ, మీరు చెప్పాల్సినవీ అంతే. నాన్న ఈసారి ప్లేఆఫ్స్ సమయానికే వస్తానంటున్నారు. ఆయన ప్రశ్నలు ఆయన వేస్తారు. జవాబులు మీ దగ్గర సిద్ధంగా ఉంచండి.

ఇట్లు,
ఫ్రిస్కో నుంచి ఒక స్టార్స్ అభిమాని